ఇంట్లో నెట్ ఎక్కడికి పోతోంది? కంప్యూటర్ భద్రత, అసాధారణ డేటా వాడకం కనిపెట్టే విధానం

నెల సగం కాకముందే ‘మీ డేటా పరిమితి పూర్తయింది, వేగం తగ్గించాం’ అన్న సందేశం వస్తుంది. ఇంట్లో ఎవరిని అడిగినా ‘నేను పెద్దగా వాడలేదే’ అంటారు. తిరుపతిలో మా చుట్టుపక్కల ఇళ్లవాళ్లు నన్ను తరచూ అడిగే ప్రశ్నలు మూడే: కంప్యూటర్‌లో వైరస్ చేరిందా, మన వైఫై ఎవరైనా వాడుకుంటున్నారా, ఏం చేస్తే ఆగుతుంది?

ఈ మూడింటికీ జవాబు దొరుకుతుంది. కానీ చాలామంది సందేశం రాగానే ఏదో ఒక యాంటీవైరస్ కొనేసి, కంప్యూటర్ మొత్తం వెతికి, ఏమీ దొరక్క వదిలేస్తారు. ముందు ఇంటి మొత్తం వాడకం చూడాలి, తరువాత రౌటర్ (ఇంటికి వచ్చిన నెట్‌ను అన్ని పరికరాలకూ పంచే పెట్టె), ఆ తరువాతే కంప్యూటర్. ఏ పరికరం వాడుతోందో తెలియకుండా కంప్యూటర్‌ను పట్టుకుంటే సమయం వృథా అవుతుంది.

1. మొదలుపెట్టే ముందు

రెండు గంటలు తీరిక ఉన్న రోజు చూసుకోండి. ఆదివారం ఉదయం మంచిది. ఇంట్లో ఎవరికైనా ఆన్‌లైన్ పరీక్ష ఉన్న రోజు, దర్శనం టికెట్లు విడుదలయ్యే రోజు మాత్రం రౌటర్ జోలికి వెళ్లకండి.

దగ్గర ఉంచుకోవలసినవి:

- ఒక నోటుపుస్తకం. ఫోనులో రాసుకున్నా సరే, కాగితం మీద రాస్తే ఇంట్లో అందరికీ కనిపిస్తుంది.
- మీ ప్లాను వివరాలు: నెలకు ఎన్ని జీబీ, లెక్క ఏ తేదీన మొదలవుతుంది, పరిమితి దాటితే వేగం ఎంతకు పడిపోతుంది.
- రౌటర్ అడుగున ఉన్న స్టిక్కరు ఫోటో. లాగిన్ చిరునామా, మొదటి పాస్‌వర్డ్ అక్కడే ఉంటాయి.
- మీకు కనెక్షన్ ఇచ్చిన కేబుల్ ఆపరేటర్ ఫోను నంబరు.
- ఒక ల్యాన్ కేబుల్ (కంప్యూటర్‌ను రౌటర్‌కు నేరుగా కలిపే తీగ). వైఫై పాస్‌వర్డ్ మార్చగానే వైఫై తెగిపోతుంది, అప్పుడు ఇదే ఆధారం.
- బయటి హార్డ్‌డిస్క్. ముఖ్యమైన ఫోటోలు, పత్రాలు అందులోకి కాపీ చేసి, వెంటనే తీసి బీరువాలో పెట్టండి. కంప్యూటర్‌కు తగిలించే ఉంచితే, ఫైళ్లకు తాళం వేసే వైరస్ వచ్చినప్పుడు ఆ కాపీ కూడా పోతుంది.

ఇప్పుడు గది గదికీ తిరిగి, నెట్‌కు కలిసిన ప్రతి పరికరాన్నీ రాయండి. ఫోన్లు, ల్యాప్‌టాప్‌లు అందరికీ గుర్తుంటాయి. మరిచిపోయేవి టీవీ, సెట్‌టాప్ బాక్సు, గుమ్మం మీది కెమెరా, ప్రింటర్, పాతదైనా ఇంకా ఛార్జింగ్‌లో ఉన్న ట్యాబ్, పై అంతస్తులో అద్దెకు ఉన్నవాళ్ల ఫోన్లు. అనుకున్న సంఖ్యకు రెట్టింపు తేలడం నేను చాలా ఇళ్లలో చూశాను.

2. ఏడు రోజులు మామూలు వాడకం రాయండి

మొత్తం పనిలో అందరూ దాటేసే అడుగు ఇదే, అన్నిటికన్నా విలువైనదీ ఇదే. మీ ఇంట్లో రోజుకు ఎంత ఖర్చవుతుందో తెలియనప్పుడు, ఇవాళ ఎక్కువైందని ఎలా చెప్పగలరు?

రోజూ రాత్రి ఒకే సమయానికి, ఉదాహరణకు పది గంటలకు, రెండు అంకెలు రాయండి: ఎంత డౌన్‌లోడ్ అయింది, ఎంత అప్‌లోడ్ అయింది. ఇవి మీ కంపెనీ ఇచ్చే ఆప్‌లో గానీ ఖాతా పేజీలో గానీ కనిపిస్తాయి. కొన్ని రౌటర్లలో స్టేటస్ పేజీలోనూ ఉంటాయి. పక్కనే ఆరోజు విశేషం ఒక ముక్క: ‘చుట్టాలు వచ్చారు’, ‘మ్యాచ్ చూశాం’, ‘ఊళ్లో లేము’.

రౌటర్ అంకెలతో ఒక జాగ్రత్త. కరెంటు పోయి వస్తే ఆ లెక్క సున్నా నుంచి మళ్లీ మొదలవుతుంది. కొన్ని పాత రౌటర్లలో 4 జీబీ దాటగానే అంకె మొదటికి వస్తుంది. కంపెనీ ఖాతాలోని లెక్క ఉంటే దాన్నే నమ్ముకోండి.

అంచనాకు పనికొచ్చే కొలతలు ఇవి. హెచ్‌డీలో సినిమా చూస్తే గంటకు సుమారు 3 జీబీ వరకు, 4కె అయితే 7 జీబీ వరకు అవుతుంది. పెద్ద ఆట ఒకటి దించుకుంటే పదుల జీబీ. కాబట్టి డౌన్‌లోడ్ పెరిగితే చాలాసార్లు కారణం హాల్లోని టీవీయే.

నేను ముందుగా చూసేది అప్‌లోడ్. మామూలు ఇంట్లో బయటకు వెళ్లేది లోపలికి వచ్చేదానిలో చిన్న భాగమే. అది డౌన్‌లోడ్‌తో సమానంగా ఉన్నా, అందరూ నిద్రపోయే వేళ సాగుతున్నా, ఇంట్లో నుంచి ఏదో బయటకు పోతోందని అర్థం. అది మీ ఫోటోల బ్యాకప్ కావచ్చు, కాకపోవచ్చు.

బైరాగిపట్టెడలో మా పిన్ని వాళ్ల ఇంటి సంగతి చెబుతాను. నెల పద్దెనిమిదో తేదీకల్లా డేటా అయిపోయేది. పై అంతస్తులో అద్దెకున్న విద్యార్థుల మీద అనుమానం. వారం రోజులు రాయమన్నాను. పుస్తకంలో రోజూ అప్‌లోడ్ 22 జీబీకి అటూ ఇటూ. మధ్యలో రెండు రోజులు పెళ్లికి చిత్తూరు వెళ్లి ఇల్లు తాళం వేశారు, విద్యార్థులూ సెలవులకు ఊరెళ్లారు. ఆ రెండు రోజులూ డౌన్‌లోడ్ దాదాపు లేదు, అప్‌లోడ్ మాత్రం అదే 22.

మనుషులు లేని ఇంట్లో మెలకువగా ఉన్నది గుమ్మం మీది కెమెరా ఒక్కటే. సెకనుకు 2 మెగాబిట్ల చొప్పున రాత్రీపగలూ వీడియోను బయటి సర్వర్‌కు పంపుతోంది. లెక్క వేసి చూడండి: రోజుకు 86,400 సెకన్లు, రెండుతో గుణించి ఎనిమిదితో భాగిస్తే (ఎనిమిది బిట్లు ఒక బైటు) 21,600 ఎంబీ. నెలకు దాదాపు 650 జీబీ. కదలిక ఉన్నప్పుడే రికార్డు చేసేలా మార్చి, నిల్వను మెమరీ కార్డుకు మళ్లిస్తే ఆ ఖర్చు ఆగిపోయింది. పిన్ని ఆ సాయంత్రమే పైకి వెళ్లి పిల్లలకు కాఫీ ఇచ్చి వచ్చింది.

ఆ కెమెరా పాస్‌వర్డ్ మాత్రం కంపెనీ పెట్టిన ‘అడ్మిన్’ గానే ఉంది. డేటా ఖర్చు కన్నా అదే నన్ను ఎక్కువ భయపెట్టింది. 2016లో మిరాయ్ అనే మాల్వేర్ (హాని చేసే ప్రోగ్రామ్) ఇలాంటి మార్చని పాస్‌వర్డ్‌లతోనే లక్షల కెమెరాల్లో, రౌటర్లలో చొరబడి, వాటితో పెద్ద పెద్ద వెబ్‌సైట్లను కూలదోసింది.

3. రౌటర్ జాబితాను మీ జాబితాతో పోల్చండి

బ్రౌజర్ చిరునామా పట్టీలో 192.168.1.1 లేదా 192.168.0.1 కొట్టండి. తెరుచుకోకపోతే స్టిక్కరు చూడండి. విండోస్ 11లో సెట్టింగ్స్, నెట్‌వర్క్ అండ్ ఇంటర్నెట్, అడ్వాన్స్‌డ్ నెట్‌వర్క్ సెట్టింగ్స్ వరుసలో వెళ్లి హార్డ్‌వేర్ అండ్ కనెక్షన్ ప్రాపర్టీస్ తెరిస్తే, డీఫాల్ట్ గేట్‌వే ఎదురుగా ఉన్న అంకెలే మీ రౌటర్ చిరునామా.

లోపల ‘కనెక్టెడ్ డివైసెస్’, ‘డీహెచ్‌సీపీ క్లయింట్స్’ వంటి పేరుతో ఒక జాబితా ఉంటుంది. ఇంటి జాబితాతో ఒక్కొక్కటీ టిక్ పెట్టుకుంటూ రండి.

తెలియని పేరు కనిపించగానే దొంగ అనుకోకండి. ఈ రోజుల్లో ఫోన్లు తమ అసలు మ్యాక్ అడ్రస్ (నెట్‌వర్క్‌లో పరికరాన్ని గుర్తించే చిరునామా) దాచి, తాత్కాలికంగా ఒకటి తయారుచేసుకుంటాయి. ఆ చిరునామాలో రెండో అక్షరం 2, 6, ఎ, ఇ లలో ఏదైనా అయితే అది అలా తయారైనదే, చాలావరకు ఒక ఫోను. నిర్ధారణకు ఇంట్లోవాళ్ల ఫోన్లలో వైఫై ఒక్కొక్కటిగా ఆపుతూ, జాబితాను మళ్లీ తెరిచి ఏ పేరు పోయిందో చూడండి. అన్నీ ఆపినా మిగిలినదే లెక్కకు రానిది.

రౌటర్ పేజీల్లోనే డీఎన్ఎస్ (వెబ్‌సైటు పేరును దాని అంకెల చిరునామాగా మార్చే సేవ) ఎదురుగా ఉన్న అంకెలు రాసుకుని, అవి వాళ్లు పెట్టినవేనా అని ఆపరేటర్‌ను అడగండి. రౌటర్‌లో చొరబడినవాళ్లు ముందుగా మార్చేవాటిలో ఇదొకటి. అది మారితే బ్యాంకు పేరు సరిగ్గా కొట్టినా నకిలీ పేజీకి తీసుకువెళ్లగలరు.

4. తలుపులు బిగించండి, ఈ వరుసలోనే

వీలైతే ఈ పనిని అనుమానం ఉన్న కంప్యూటర్ నుంచి కాక ఫోను నుంచి చేయండి. కొత్త పాస్‌వర్డ్‌ను ఆ కంప్యూటర్‌లో కొడితే, అందులో దొంగచాటు ప్రోగ్రామ్ ఉంటే దాన్నీ పట్టుకుంటుంది.

4.1 రౌటర్ లాగిన్ పాస్‌వర్డ్. ఇది వైఫై పాస్‌వర్డ్ కాదు, సెట్టింగ్‌లు మార్చడానికి వాడేది. ముందు దీన్ని మార్చకపోతే తరువాతి మార్పులన్నిటినీ ఎవరైనా వెనక్కు తిప్పగలరు.

4.2 రిమోట్ మేనేజ్‌మెంట్. బయటి నుంచి రౌటర్‌ను తెరిచే సౌకర్యం. ఆపేయండి. కంపెనీ ఇచ్చిన పరికరమైతే వాళ్ల నిర్వహణకు వేరే దారి ఉండవచ్చు, అర్థంకాని దాన్ని ముట్టుకోకుండా ఆపరేటర్‌ను అడగండి.

4.3 డబ్ల్యూపీఎస్. బటన్‌తోనో ఎనిమిది అంకెల పిన్‌తోనో కలిపే పద్ధతి. ఆ పిన్‌ను ఊహించడం సులువు, అందుకే ఆపేయాలి.

4.4 వైఫై పాస్‌వర్డ్. భద్రత రకం డబ్ల్యూపీఏ2 లేదా డబ్ల్యూపీఏ3 గా ఉందా చూసి, పదిహేను అక్షరాలకు తగ్గకుండా పెట్టండి. సంబంధం లేని నాలుగు తెలుగు మాటల్ని ఇంగ్లీషు అక్షరాల్లో రాస్తే గుర్తుంటుంది, ఊహించడం కష్టం. ఇంటి నంబరు, ఫోను నంబరు, వేంకటేశ్వరుడి నామాలు వద్దు. మన ఊళ్లో ఎవరైనా మొదట ప్రయత్నించేవి ఆ పేర్లే.

4.5 అతిథి నెట్‌వర్క్. తిరుపతి ఇళ్లకు ఇది తప్పనిసరి అని నా గట్టి అభిప్రాయం. దర్శనానికని ఏడాది పొడవునా చుట్టాలు, స్నేహితులు, వాళ్ల స్నేహితులు దిగుతూనే ఉంటారు. చెప్పులు విప్పగానే అడిగేది మంచినీళ్లు, ఆ తరువాత వైఫై పాస్‌వర్డ్. ఇవ్వకుండా ఉండలేం, ఉండాల్సిన పనీ లేదు. గెస్ట్ నెట్‌వర్క్ ఆన్ చేసి, దానికి వేరే పాస్‌వర్డ్ పెట్టి, కాగితం మీద రాసి హాల్లో అంటించండి. అందులో కలిసినవాళ్లకు నెట్ వస్తుంది, మీ కంప్యూటర్ గానీ ప్రింటర్ గానీ కనిపించదు. వాళ్లు వెళ్లాక ఆ ఒక్క పాస్‌వర్డ్ మార్చితే చాలు.

కెమెరాలను, టీవీని, అద్దెవాళ్లను కూడా అందులోనే ఉంచవచ్చు. అద్దెవాళ్లకు వేరే కనెక్షన్ ఉంటే ఇంకా మేలు. మీ కనెక్షన్ నుంచి తప్పు పని జరిగితే ఐపీ చిరునామా (నెట్‌లో మీ కనెక్షన్‌ను గుర్తించే అంకెలు) పట్టుకుని పోలీసులు ముందు వచ్చేది కనెక్షన్ ఎవరి పేరున ఉందో వాళ్ల ఇంటికే.

5. కంప్యూటర్‌లో ఏ ప్రోగ్రామ్ వాడుతోంది

సెట్టింగ్స్‌లో నెట్‌వర్క్ అండ్ ఇంటర్నెట్, అక్కడ డేటా యూసేజ్ తెరవండి. గత 30 రోజుల్లో ఏ ప్రోగ్రామ్ ఎంత వాడిందో వరుసగా ఉంటుంది. మొదటి అయిదు పేర్లు నోటుపుస్తకంలో రాయండి.

తరువాత ఖాళీ పరీక్ష. తెర మీది అన్ని కిటికీలూ మూసేసి, బ్రౌజర్ కూడా ఆపి, కంప్యూటర్‌ను పదిహేను నిమిషాలు వదిలేయండి. వచ్చి స్టార్ట్‌లో ‘రిసోర్స్ మానిటర్’ అని వెతికి, అందులో నెట్‌వర్క్ ట్యాబ్ తెరవండి. సెండ్ అనే గడి మీద నొక్కితే ఎక్కువ పంపుతున్నది పైకి వస్తుంది. రెండు మూడు నిమిషాలు కదలకుండా చూడండి. అప్పుడప్పుడు చిన్న అంకెలు మెరిసి మాయమవడం మామూలే. ఒకే పేరు ఎడతెగకుండా పంపుతూ ఉంటే దాన్ని రాసుకోండి.

దొంగలా కనిపించే పెద్దమనుషులు కొందరున్నారు:

- వన్‌డ్రైవ్, గూగుల్ డ్రైవ్: కొత్త ఫోటోలు చేరినప్పుడు గంటల తరబడి పంపుతాయి.
- విండోస్ అప్‌డేట్: లోపలికి తెచ్చుకోవడమే కాదు, డెలివరీ ఆప్టిమైజేషన్ అనే సెట్టింగ్ ఆన్‌లో ఉంటే మీ కంప్యూటర్ నుంచి వేరేవాళ్లకూ పంచుతుంది. విండోస్ అప్‌డేట్‌లో అడ్వాన్స్‌డ్ ఆప్షన్స్‌కు వెళ్లి ఆపవచ్చు. అప్‌డేట్‌ను మాత్రం ఆపకండి.
- టొరెంట్ ప్రోగ్రామ్: సినిమా దిగడం పూర్తయ్యాక కూడా ఇతరులకు పంపుతూనే ఉంటుంది.

ఈ జాబితాలో లేని పేరైతే, టాస్క్ మేనేజర్‌లో దాని మీద కుడి క్లిక్ చేసి ‘ఓపెన్ ఫైల్ లొకేషన్’ నొక్కండి. విండోస్ సొంత ప్రోగ్రామ్ పేరు పెట్టుకుని, విండోస్ ఫోల్డరులోని సిస్టమ్32లో కాక టెంప్ ఫోల్డరులోనో డౌన్‌లోడ్స్‌లోనో కూర్చున్నది కచ్చితంగా అనుమానించదగ్గది. ఇంకా లోతుగా చూడాలంటే మైక్రోసాఫ్ట్ ఉచితంగా ఇచ్చే సిస్‌ఇంటర్నల్స్‌లోని టీసీపీవ్యూ ఏ ప్రోగ్రామ్ ఏ చిరునామాతో మాట్లాడుతోందో, ఆటోరన్స్ కంప్యూటర్ తెరవగానే ఏవేవి లేస్తున్నాయో చూపిస్తాయి.

బ్రౌజర్ ఎక్స్‌టెన్షన్ల (బ్రౌజర్‌కు అదనంగా తగిలించే చిన్న ప్రోగ్రామ్‌ల) దగ్గర ఎక్కువసేపు ఆగండి. దర్శనం టికెట్ల కోసం, రైలు తత్కాల్ కోసం పేర్లు, వయసు, ఆధార్ నంబరు క్షణంలో నింపిపెడతామనే ఎక్స్‌టెన్షన్లు మన ఊళ్లో చాలా కంప్యూటర్లలో కనిపిస్తాయి. దాని వివరాల పేజీ తెరిచి అనుమతులు చదవండి. ‘అన్ని వెబ్‌సైట్లలో మీ సమాచారాన్ని చదవడం, మార్చడం’ అని ఉంటే, బ్యాంకు పేజీ కూడా అందులో భాగమే. ఇంటిల్లిపాది ఆధార్ నంబర్లు ఎవరు రాశారో తెలియని ప్రోగ్రామ్ చేతిలో పెట్టడం నాకు ససేమిరా నచ్చదు. తీసేయండి. వివరాలను నోట్‌ప్యాడ్‌లో సిద్ధంగా ఉంచుకుని అతికిస్తే పది సెకన్లు ఆలస్యం, అంతే.

మీరు పెట్టుకోకుండానే ఎనీడెస్క్, టీమ్‌వ్యూయర్ వంటి దూరం నుంచి నడిపే ప్రోగ్రామ్ కనిపిస్తే నేరుగా ఆరో అడుగుకు వెళ్లండి.

6. అనుమానం గట్టిపడితే

- నెట్ తీసేయండి: ల్యాన్ కేబుల్ పీకండి, వైఫై ఆపండి.
- తెర మీద కనిపిస్తున్నదాన్ని ఫోనుతో ఫోటో తీయండి: ప్రోగ్రామ్ పేరు, ఫైలు ఉన్న చోటు, సమయం. ముందే తొలగిస్తే తరువాత చూపడానికి ఏమీ మిగలదు.
- వేరే పరికరం నుంచి పాస్‌వర్డ్‌లు మార్చండి. ముందు ఈమెయిల్, తరువాత బ్యాంకు, ఆ తరువాత మిగిలినవి. ఈమెయిల్ చేతిలో ఉన్నవాడు మిగిలిన పాస్‌వర్డ్‌లన్నీ తిరిగి తెప్పించుకోగలడు కాబట్టి ఈ వరుస తప్పకూడదు. రెండంచెల ధ్రువీకరణ (పాస్‌వర్డ్‌తో పాటు మరో రుజువు కూడా అడిగే పద్ధతి) పెట్టి, తెలియని పరికరాల్లోని లాగిన్‌లన్నిటినీ తీసేయండి.
- విండోస్ సెక్యూరిటీలో స్కాన్ ఆప్షన్స్‌కు వెళ్లి డిఫెండర్ ఆఫ్‌లైన్ స్కాన్ ఎంచుకోండి. కంప్యూటర్ తిరిగి మొదలై, విండోస్ పూర్తిగా లేవకముందే వెతుకుతుంది. సుమారు పదిహేను నిమిషాలు పడుతుంది. మామూలు స్కాన్‌కు దొరకకుండా దాక్కునేవి ఇందులో దొరుకుతాయి.
- కేంద్ర ప్రభుత్వ సైబర్ భద్రతా సంస్థ సెర్ట్-ఇన్ నడిపే సైబర్ స్వచ్ఛతా కేంద్రం వెబ్‌సైట్‌లో ఉచిత తొలగింపు సాధనాలున్నాయి. వేరే కంప్యూటర్‌లో దించుకుని పెన్‌డ్రైవ్‌తో తేవచ్చు.
- శుభ్రం చేశాక ఖాళీ పరీక్ష మళ్లీ చేయండి. అదే పేరు తిరిగి వస్తే ఇక పోరాడకండి. ఫైళ్లు కాపీ ఉన్నాయి కదా, విండోస్‌ను మొదటి నుంచి వేయడమే మేలు.

డబ్బు పోయిందని తెలిస్తే పై వరుసనంతా పక్కన పెట్టి ముందు 1930కు ఫోను చేయండి, మీ బ్యాంకుకూ చెప్పండి. ఎంత త్వరగా చెబితే ఆ డబ్బు అవతలి ఖాతాలో నిలిచిపోయే అవకాశం అంత ఎక్కువ. ఫిర్యాదును సైబర్‌క్రైమ్ డాట్ గవ్ డాట్ ఇన్ లోనూ నమోదు చేయవచ్చు.

7. తరచూ జరిగే పొరపాట్లు, సవరణలు

రౌటర్ వెనక రీసెట్‌ను సూదితో నొక్కడం. ఫైబర్ పరికరాల్లో ఆపరేటర్ పెట్టిన యూజర్ నేమ్, పాస్‌వర్డ్ కూడా చెరిగిపోయి నెట్ అసలే రాదు. ముందు ఆ వివరాలు ఆపరేటర్ దగ్గర తీసుకోండి. మామూలుగా ఆపి వేయడానికి స్విచ్ చాలు.

రెండు యాంటీవైరస్‌లు పెట్టడం. ఒకదాన్నొకటి అడ్డుకుంటాయి, కంప్యూటర్ నెమ్మదిస్తుంది. ఒకటి ఉంచండి, విండోస్‌తో వచ్చే డిఫెండర్ ఇంటికి సరిపోతుంది.

వైఫై పేరు దాచితే చాలనుకోవడం. దాచిన పేరును ఉచిత సాధనాలు సులువుగా పట్టేస్తాయి. పాస్‌వర్డ్ బలమే రక్షణ.

తాళం విరిచిన (డబ్బు కట్టకుండా వాడేలా మార్చిన) సాఫ్ట్‌వేర్ వాడటం. దాన్ని పెట్టేటప్పుడు ‘యాంటీవైరస్ ఆపండి’ అని అడుగుతుంది. అక్కడే ఆగిపోవాలి. నేను చూసిన ఇళ్లలో ఎక్కువ సమస్యలు ఆ ఒక్క క్లిక్‌తో మొదలైనవే.

విండోస్ 10నే నెట్టుకురావడం. దానికి మామూలు భద్రతా అప్‌డేట్లు 2025 అక్టోబరు 14తో ఆగిపోయాయి. కంప్యూటర్ విండోస్ 11కు సరిపోతే మారండి. సరిపోకపోతే అందులో బ్యాంకు పనులు చేయకండి.

అందరూ అడ్మిన్ ఖాతాలోనే పనిచేయడం. పిల్లలకూ రోజువారీ పనికీ స్టాండర్డ్ ఖాతా తెరవండి. కొత్త ప్రోగ్రామ్ చేరాలంటే అప్పుడు అడ్మిన్ పాస్‌వర్డ్ అడుగుతుంది.

వాడకం చూసే పేరుతో మనుషుల్ని చూడటం. ఎన్ని జీబీ, ఏ పరికరం, ఏ వేళ, ఇంతవరకే మన పని. అద్దెవాళ్లు ఏ పేజీ తెరిచారో వెతకడం తప్పు. అంకె ఎక్కువగా ఉంటే మెట్లెక్కి మాట్లాడండి.

8. నెలకోసారి, ఇరవై నిమిషాల పని

బిల్లు లెక్క మొదలయ్యే తేదీనే దీనికి పెట్టుకుంటే గుర్తుంటుంది.

- పోయిన నెల మొత్తం డౌన్‌లోడ్, అప్‌లోడ్ రాశారా?
- రౌటర్ జాబితాలో లెక్కకు రాని పరికరం ఉందా?
- అతిథి నెట్‌వర్క్ పాస్‌వర్డ్ మార్చి, హాల్లోని కాగితం తిరగరాశారా?
- డేటా యూసేజ్‌లో మొదటి అయిదు పేర్లు పోయిన నెలవేనా?
- విండోస్, బ్రౌజర్, కెమెరా, రౌటర్ అప్‌డేట్లు చూశారా?
- కొత్త ఎక్స్‌టెన్షన్ ఏదైనా చేరిందా?
- హార్డ్‌డిస్క్‌లోకి కాపీ చేసి, తీసి బీరువాలో పెట్టారా?
- ఇంట్లోకి కొత్త టీవీ గానీ కెమెరా గానీ వచ్చిందా? వస్తే దాని పాస్‌వర్డ్ ఆరోజే మార్చి, ఏడు రోజుల లెక్క మళ్లీ మొదలుపెట్టండి. పాత అంకెలు ఇక పనికిరావు.